పుట్టీ కింద ఇనుము

రామతీర్థం కొండలు కనపడే మలుపులో మా బావ పికప్పు గోతిలో పడి లేచింది. లేచేసరికి ఎడమ మడ్‌గార్డు మీంచి అరచెయ్యంత పెచ్చు ఊడి రోడ్డు మీద పడింది. బావ బండి ఆపి, దిగి, ఆ పెచ్చు ఏరుకొచ్చి నా చేతిలో పెట్టాడు. ఒక పక్క తెల్ల రంగు, రెండో పక్క ఎర్రటి తుప్పు, మధ్యలో బూడిదరంగు మందం. ఆ మందం చూస్తే చిన్నప్పుడు బడికి పట్టుకెళ్ళిన రాతి పలక గుర్తొచ్చింది. ఇనుప బండి అనుకుంటూ ఇన్నాళ్ళూ ఆ మూల ఒక గోడ ముక్కను మోసుకు తిరుగుతున్నాం.

ఆ సొట్ట పుట్టినరోజు మాకు బాగా తెలుసు. 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. కొబ్బరిచెట్టు మొద్దు ఒకటి వచ్చి బండి మూల మీద వాలింది. ఆ తర్వాత చాన్నాళ్ళు మా వైపు టింకరింగు షాపులకు ఊపిరి సలపలేదు. ఊరూ పేరూ ఎందుకు గానీ, ఒక షాపులో రెండు రోజుల్లో మడ్‌గార్డును కొత్తదానిలా మెరిపించి ఇచ్చారు. మేం సంతోషించాం. లోపల ఏం చేశారని అడగలేదు. కొత్త రంగు మెరుస్తుంటే ఎవరు అడుగుతారు?

పెచ్చు పట్టుకుని నెల్లిమర్ల దారిలో చింతచెట్టు కింద ఉన్న ఒక రేకుల షెడ్డు దగ్గరికి వెళ్ళాం. అక్కడి మేస్త్రీ పెద్దాయన. పెచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు. మడ్‌గార్డు మీద గోరుతో తట్టాడు. బోలుగా, మొద్దుగా పలికింది.

"ఇది బాగుసెయ్యడం కాదు బాబూ. సొట్టని పూడ్చీసినారు" అన్నాడు.

"అయితే ఇప్పుడేటి చేద్దాం మేస్త్రీ?" అని బావ.

"తవ్వాలి. ఏటుందో సూడాలి. అప్పుడు సెప్తాను."

ఆయన తవ్వుతున్నంతసేపూ నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన చేతిలోకి వచ్చిన ఒక్కో సామానూ ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో తర్వాత చదువుకున్నాను. చదివేకొద్దీ ఆశ్చర్యం. కార్ల సొట్టలు తీయడం కోసమే పుట్టినవి వాటిలో చాలా తక్కువ. గొంతు వైద్యుడి దగ్గర్నుంచి ఒకటి, యుద్ధవిమానం మీంచి ఒకటి, సినిమా రీలు ఫ్యాక్టరీ నుంచి ఇంకొకటి దారి తప్పి వచ్చి ఈ చింతచెట్టు కింద చేరాయి.

ముందు ఇనుము సంగతి. రేకు కాగితం లాంటిది కాదు, దానికి జ్ఞాపకం ఉంటుంది. కొద్దిగా వంచి వదిలితే పాత చోటుకి వచ్చేస్తుంది. ఒక హద్దు దాటి వంచితే ఇక రాదు. అలా వంగిన చోట గట్టిపడుతుంది కూడా. ఇనుప తీగను పదేపదే ఒకే చోట వంచి చూడండి, ఆ ముడత దగ్గర బిగుసుకుపోయి చివరికి పుటుక్కుమంటుంది. సొట్టలోనూ ఇదే తంతు. నిజంగా చెడిపోయేది లోపలికి పోయిన గొయ్యి మొత్తం కాదు. గొయ్యి చుట్టూ లేచిన గట్టూ, నడుమ పడ్డ గీతా చెడతాయి. మిగతా రేకు ఆ గట్టుకి బందీ అయి లోపల ఉండిపోతుంది. గట్టును వదిలిస్తే సగం రేకు తనంతట తానే పైకి వస్తుంది.

అందుకే తెలిసినవాడు గొయ్యి నడుమ సుత్తి వెయ్యడు. "ఆఖర్న పడ్డ దెబ్బ ముందు తియ్యాలి. ముందు పడ్డది ఆఖర్న" అన్నాడు మేస్త్రీ. చెట్టు ముందు ఎక్కడ తగిలింది, అక్కణ్ణించి రేకు ఎటు మడతపడుతూ పోయింది, ఎక్కడ ఆగింది, ఇవన్నీ వేలితో తడిమి చూసుకున్నాడు. ఆగిన చోటు నుంచి వెనక్కి నడవడం మొదలెట్టాడు. చక్రం పక్కనుంచి చెయ్యి దూర్చి లోపల ఇనుప దిమ్మ ఆనించాడు. దాన్ని డాలీ అంటారు. బయట గట్టు మీద తేలికపాటి సుత్తి. దిమ్మ ఒకచోట, సుత్తి దెబ్బ దాని పక్కన. బయటి దెబ్బకి గట్టు దిగుతుంది, లోపలి దిమ్మ ఎగిరి పల్లాన్ని లేపుతుంది. ఒక్క దెబ్బతో రెండు పనులు. సొట్ట చాలావరకు లేచాక మాత్రమే దిమ్మ మీదే సుత్తి పడేలా కొడతాడు. అది తొందరపడి ముందే చేస్తే రేకు చపాతీలా సాగిపోతుంది.

ఈ విద్య మోటారు కంటే చాలా పాతది. నా చిన్నప్పుడు వీధిలోకి మాట్లు వేసేవాడు వచ్చేవాడు. బిందె చిల్లికి మాటు వేసేవాడు, కళాయి పూసేవాడు, సొట్టలు తీసేవాడు. సొట్ట తీయాలంటే బిందె మూతిలోంచి వంపు తిరిగిన ఇనుప కడ్డీ దూర్చి, దాని మొన మీద బిందె పొట్టను ఆనించి, బయటనుంచి కొయ్య సుత్తితో తట్టేవాడు. లోపల ఆసరా, బయట దెబ్బ. మడ్‌గార్డు కింద మేస్త్రీ ఆనించిన దిమ్మ చేసే పనీ అదే. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితి ఉంది. అలాంటి ఊళ్ళ పనివాళ్ళకి ఈ మాట చెబితే నవ్వుతారు, ఇందులో కొత్తేముందని.

ఇనుము పేరెత్తాం కాబట్టి ఇంకో సంగతి. ఇంగ్లండులో హెన్రీ బెస్సెమర్ 1856లో కరిగిన ఇనుములోకి గాలి ఊది చవకగా ఉక్కు చేసే పద్ధతి ప్రకటించాడు. మొదట్లో వచ్చిన ఉక్కు చాలావరకు పగిలిపోయేది. రాబర్ట్ ముషెట్ అనే ఆయన మాంగనీసు ఉన్న ఇనుము కలిపితే ఆ జబ్బు కుదురుతుందని చూపించాడు. ఆ తర్వాత ప్రపంచమంతా మాంగనీసు కోసం వెతుకులాట. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1892లో, అప్పటి విశాఖపట్నం జిల్లాలోనే. కోడూరు, గర్భాం, గరివిడి వైపు ఎర్రటి నేలల్లో ఇప్పటికీ ఆ గోతులు కనబడతాయి. మా మట్టి లేకుండా ఉక్కు రేకు సుత్తికి లొంగేది కాదని నేను గొప్పలు పోతే, బావ "ఆ మట్టి మనదే, రేకు మాత్రం ఎక్కడిదో" అన్నాడు. అదీ నిజమే. ఇంత దగ్గర్లో విశాఖ ఉక్కు ఉన్నా అక్కడ తయారయ్యేవి కడ్డీలూ, తీగచుట్టలూ, దూలాలూ. బండ్ల ఒంటికి పట్టే పల్చని రేకు అక్కడ రాదు.

అసలు బండికి ఒళ్ళంతా ఇనుపరేకు ఎప్పుడొచ్చింది? తొలి మోటార్లు గుర్రపు బగ్గీల బంధువులు. చెక్క చట్రం, దాని మీద మేకులతో బిగించిన రేకులు. సొట్ట పడితే వడ్రంగి, కమ్మరి ఇద్దరూ కావాలి. ఎడ్వర్డ్ బడ్ అనే ఆయన 1912లో ఫిలడెల్ఫియాలో కంపెనీ పెట్టి, జోసెఫ్ లెడ్వింకా అనే ఇంజనీరుతో కలిసి చెక్క లేకుండా, అచ్చుల్లో నొక్కిన ఉక్కు రేకుల్ని ఒకదానికొకటి అతికించి ఒళ్ళు తయారుచేశాడు. డాడ్జ్ అన్నదమ్ములు పెద్దఎత్తున కొన్నారు. దీనిలో ఒక లాభం ఉంది. చెక్క లేదు కాబట్టి రంగు వేసిన ఒంటిని పొయ్యిలో పెట్టి కాల్చి ఆరబెట్టొచ్చు. చెక్క ఉంటే అది కూడా కాలిపోతుంది. ఇలా ఒక ముక్కగా నొక్కిన వంపుల రేకు వచ్చాక సొట్ట అనేది కొత్త సమస్య అయింది. ఊడదీసి మార్చడం కుదరదు, వంపు వంపులాగే తిరిగి రావాలి. మాట్లవాడి విద్యకు అమెరికాలో గిరాకీ వచ్చిందన్నమాట.

సుత్తి, దిమ్మ, ఆకురాయి. ఈ మూడింటితోనే పని ముగించగలవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ సుత్తి పని ఆఖరి పావువంతు దగ్గర చాలా నెమ్మదిస్తుంది. అర మిల్లీమీటరు ఎగుడుదిగుడు తీయడానికి మొదటి రెండంగుళాలు తీసినంత సేపు పడుతుంది. రంగు మెరిసేకొద్దీ ఆ అర మిల్లీమీటరే కంట్లో పడుతుంది. సొట్టల చరిత్రలో తర్వాత వచ్చిన ఆవిష్కరణలన్నీ ఈ ఆఖరి పావువంతు కోసం వచ్చినవే. మా మడ్‌గార్డులాంటి వాటి పాపం ఎక్కడ మొదలైందంటే, ఆఖరి పావుకోసం వచ్చిన మందును మొత్తం పనికి వాడేయడం దగ్గర.

మొదటి మందు సీసం. డెబ్బై పాళ్ళు సీసం, ముప్పై పాళ్ళు తగరం కలిపిన కడ్డీ. ఈ కలయికలో ఒక విచిత్రం ఉంది. విడిగా తగరం 232 డిగ్రీల దగ్గర, సీసం 327 దగ్గర కరుగుతాయి. కలిపితే 183 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలెట్టి, సుమారు 255 దాకా పూర్తిగా నీరుగారదు. ఈ నడిమి డెబ్బై డిగ్రీల్లో అది వేసవి వెన్నలా ఉంటుంది. రేకు మీద ముందు తగరం పూత వేస్తారు, మాటు వేసేముందు బిందెకి చేసినట్టే. దీపంతో వేడిచేస్తూ, కొవ్వులోనో మైనంలోనో ముంచిన చెక్క గరిటతో ఆ వెన్నను పల్లంలోకి పామి, చల్లారాక ఆకురాయితో చదును చేస్తారు. సీసం ఇనుముతో కలిసి బతుకుతుంది. పెచ్చు ఊడదు, నీరు తాగదు. ఇప్పటికీ పాత కార్ల మీద మోజున్నవాళ్ళు దాన్నే వాడతారు. కాలిఫోర్నియాలో కుర్రాళ్ళు కార్లను ఇష్టమొచ్చినట్టు మలచుకునే రోజుల్లో ఒక్కో బండికి ఎంత సీసం పూసేవారంటే, వాటికి సీసపు బళ్ళని పేరు పడిపోయింది. అయితే ఆకురాయి కింద రాలే పొడి సీసపు పొడి. గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా గరిట తిప్పడం అందరి చేతికీ వచ్చే విద్య కాదు. నిట్టనిలువు మడ్‌గార్డు మీద వేడి కాస్త ఎక్కువైతే పామిందంతా చెప్పుల మీదే.

రెండో మందు కథ ప్రయోగశాలలో మొదలైంది. కార్లటన్ ఎల్లిస్ అనే అమెరికన్ రసాయనవేత్త పేరిట 753 పేటెంట్లు ఉన్నాయి. 1930లలో ఆయన ఒకరకం పాలియెస్టర్ జిగురుమీద పనిచేస్తూ, దానికి స్టైరిన్ కలిపి, కొద్దిగా పెరాక్సైడు చుక్క వేస్తే త్వరగా గట్టిపడి రాయి అవుతుందని పట్టుకున్నాడు. పొయ్యి అక్కర్లేదు, ఒత్తిడి అక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధంలో గాజునారతో కలిపి దీన్ని విమానాల రాడార్ మీద మూతగా వాడారు. ఇనుప మూత పెడితే రాడార్ కిరణాలు బయటికి పోవు కదా. యుద్ధం అయ్యాక ఆ జిగురు పడవల్లోకి, కార్ల ఒంట్లోకి దిగింది. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ ఒళ్ళు దానితో చేసిందే.

1955లో మయామీలో కార్ల షాపు నడుపుతున్న రాబర్ట్ మెర్టన్ స్పింక్ ఈ జిగురులో టాల్కు పొడి కలిపి సీసానికి బదులుగా పామడానికి పనికొచ్చే ముద్ద తయారుచేశాడు. దానికి బాండో అని పేరు పెట్టాడు. అమెరికాలో ఆ పేరు చివరికి మన డాల్డా లాగా జాతిపేరై కూర్చుంది. 2007లో త్రీఎమ్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. మన షాపుల్లో దాన్నే పుట్టీ అంటారు. ఇంటి గోడలకు పెట్టేవాళ్ళైతే లప్పం అంటారు. ఆ పాత లప్పం సుద్దపొడీ అవిసె నూనే కలిపి పిసికింది, ఆరడానికి రోజులు పట్టేది. ఇది పది పదిహేను నిమిషాల్లో బిగుస్తుంది.

టాల్కు అంటే కొత్త పదార్థమేమీ కాదు. మనం పలక మీద రాసిన బలపం ఆ జాతి రాయే. గోటితో గీరితే పొడి రాలేంత మెత్తన. పుట్టీలో దానికి చోటు దొరికింది కూడా ఆ మెత్తదనం వల్లే. ఉత్త జిగురు బిగిస్తే గాజులా తయారై గరుకు కాగితానికి లొంగదు. బలపం కలిస్తే హాయిగా అరుగుతుంది. పెచ్చు చూడగానే నాకు పలక గుర్తురావడం వట్టి పోలిక కాదని ఇది చదివాక తెలిసింది. అయితే ఆ పొడి కలిసిన పుట్టీకి ఇంకో గుణం ఉంది. నీటిని పీలుస్తుంది. పైన రంగు పగిలి వానచుక్క లోపలికి దిగితే పుట్టీ దాన్ని దాచిపెట్టి నెమ్మదిగా ఇనుముకి తినిపిస్తుంది. మా ఉక్కపోత తీరంలో ఇనుముకి ఆ తిండి తినడానికి పెద్ద టైము పట్టదు. అందుకే మా పెచ్చు వెనకంతా ఎర్రగా ఉంది.

మేస్త్రీ పుట్టీకి శత్రువు కాడు. తన షెడ్డులోనూ డబ్బా ఉంది. ఎర్రటి హార్డ్‌నర్ ట్యూబు ఉంది. ఆ ఎరుపు అలంకారం కాదు, ముద్దంతా ఒకే రంగుకి తిరిగిందంటే సమంగా కలిసిందని లెక్క. వందకి రెండు పాళ్ళు చాలు. ఎండాకాలంలో ఇంకా తగ్గిస్తానన్నాడు, లేకపోతే పట్టీ మీద ఉండగానే రాయైపోతుందట. ఎంత మందం వెయ్యొచ్చని అడిగాను. చూపుడువేలి గోరు చూపించాడు. "గోరు మందం. అంతకన్నా పడుతోందంటే సుత్తి పని మిగిలే ఉన్నట్టు." కొలిస్తే మూడు మిల్లీమీటర్లు దాటకూడదని నేను అర్థం చేసుకున్నాను. మా పెచ్చు ఎంతో కొలిచాం. పద్దెనిమిది.

పుట్టీ అంతా గీకేసి, తుప్పు రుద్దేసి, గట్టు దించి, పల్లం లేపాక అసలు కష్టం బయటపడింది. నడుమ అరచెయ్యంత మేర రేకు సాగిపోయి ఉంది. బొటనవేలితో నొక్కితే నూనెడబ్బా అడుగులా టప్పుమని లోపలికి, వదిలితే టప్పుమని బయటికి. ఉండాల్సిన చోటికంటే ఎక్కువ ఇనుము అక్కడ ఉంది. ఎక్కడికని పోతుంది? దీనికి సుత్తి పనికిరాదు. కొట్టేకొద్దీ ఇంకా సాగుతుంది.

మేస్త్రీ గ్యాస్ వెల్డింగు గొట్టం అందుకున్నాడు. ఈ మంటకీ ఒక కథ ఉంది. 1892లో అమెరికాలోని నార్త్ కరోలినాలో థామస్ విల్సన్ అనే ఆయన విద్యుత్ కొలిమిలో అల్యూమినియం చేద్దామని సున్నమూ బొగ్గూ తారూ కలిపి కాల్చి, ఏదో నల్లటి గడ్డ రాగానే విసుగొచ్చి నీళ్ళలో వేశాడు. గ్యాసు బుసబుసలాడుతూ వచ్చి మండింది. అది కాల్షియం కార్బైడు. మామిడికాయలు దొంగతనంగా మగ్గబెట్టడానికి వాడేదీ, ఒకప్పుడు జాతర్లలో మిఠాయి దుకాణాల ముందు బుస్సుమంటూ వెలిగిన దీపాల్లో వేసేదీ అదే గడ్డ. దానిలోంచి వచ్చే అసిటిలీన్‌ను ఆక్సిజన్‌తో కలిపి మండిస్తే మూడు వేల డిగ్రీలు దాటే మంట వస్తుందని 1895లో ఫ్రాన్సులో లె షాటెలియే చూపించాడు. పదేళ్ళు తిరిగేసరికి వెల్డింగు గొట్టం కమ్మరి చేతికొచ్చింది.

ఆ మంటతో మేస్త్రీ సాగిన రేకు నడుమ రూపాయి బిళ్ళంత చోటు ఎర్రగా కాల్చాడు. వేడెక్కిన ఇనుము వ్యాకోచించాలి కదా, కానీ చుట్టూ చల్లని రేకు కదలనివ్వదు. ఎటూ పోలేక అది అక్కడే ఉబ్బి మందమవుతుంది. వెంటనే కింద దిమ్మ పెట్టి నాలుగు తేలిక దెబ్బలు. ఎరుపు తగ్గాక తడిగుడ్డ. చుయ్యిమంది. చల్లారుతూ ఆ చోటు ముడుచుకుపోయి చుట్టూ ఉన్న రేకును తనవైపు లాక్కుంది. ఇంకో చోట మరో బిళ్ళ. ఇంకోటి. అయిదో బిళ్ళకి బొటనవేలితో నొక్కితే టప్పుమనడం మానేసింది. సాగిన ఇనుము మళ్ళీ ఒద్దికగా కూర్చోవడం కళ్ళారా చూడడమే. నేను ఆ షెడ్డులో చూసినవాటిలో ఇంతకన్నా అందమైంది లేదు. బావ మాత్రం టీ తెప్పించే పనిలో ఉన్నాడు.

వేడినీళ్ళు పోస్తే సొట్ట లేస్తుందనీ, ఐసు పెడితే టక్కున వస్తుందనీ ఫోన్లలో వీడియోలు తిరుగుతుంటాయి. ప్లాస్టిక్ బంపరుకైతే వేడినీళ్ళు నిజంగానే పనికొస్తాయి. ఇలా మడతపడి సాగిన ఇనుముకి కాదు. రంగు చెడకుండా వెనకనుంచి కడ్డీలతో ఒత్తి సొట్ట తీసే పద్ధతి కూడా ఒకటుంది. 1960లో న్యూయార్కు మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్ ఉద్యోగి ఆస్కార్ ఫ్లెయిగ్, ప్రదర్శన కార్లకు సందర్శకుల వల్ల పడ్డ సొట్టలకి రోజూ రంగు వేయలేక, సుత్తి పిడితో లోపల్నుంచి ఒత్తి చూశాడనీ, అలా ఆ విద్య మొదలైందనీ ఆ పనివాళ్ళు చెప్పుకుంటారు. వడగళ్ళ దెబ్బలకు, చిన్న గుంటలకు అది బంగారం లాంటి పద్ధతి. రంగు పగలకుండా ఉంటేనే. మాకు రంగే కాదు, దాని కింద ఇనుమూ సగమే మిగిలింది.

మర్నాడు పైపూతల పని. గోరు మందం పుట్టీ పడింది, ఆరింది. వాటర్ పేపరు నీళ్ళలో ముంచి రుద్దడం మొదలెట్టాడు మేస్త్రీ దగ్గర పనిచేసే కుర్రాడు. గరుకు కాగితాన్ని నీళ్ళలో ముంచొచ్చని ఎవరికీ తోచని రోజులుండేవి. ఫిలడెల్ఫియాలో సిరా తయారుచేసే ఫ్రాన్సిస్ ఓకీ నుంచి త్రీఎమ్ కంపెనీకి ఒక ఉత్తరం వచ్చింది, గరుకు పొడి మచ్చులు పంపమని. సిరావాడికి ఆ పొడితో ఏం పనా అని ఆరా తీస్తే, నీటికి ఊడని గరుకు కాగితం ఆయన అప్పటికే తయారుచేశాడని తేలింది. 1921లో ఆ కాగితాన్ని కంపెనీ అమ్మకానికి పెట్టింది. దుమ్ము లేవదు, గీతలు సన్నబడతాయి. కార్ల షాపులకు అది పెద్ద వరం.

ఆ కాగితం మచ్చులు పట్టుకుని షాపుల చుట్టూ తిరుగుతున్న త్రీఎమ్ కుర్రాడు రిచర్డ్ డ్రూ సెయింట్ పాల్‌లో ఒక కార్ల షాపుకి వెళ్ళాడు. అప్పట్లో రెండు రంగుల కార్ల మోజు. ఒక రంగు వేసి, దాన్ని వార్తాపత్రికతో కప్పి జిగురుపట్టీ అంటించి, పక్కన రెండో రంగు వేయాలి. పట్టీ పీకితే కింది రంగు కూడా ఊడొచ్చేది. పనివాడు నోరారా తిట్టడం డ్రూ విన్నాడు. దీనికి నేను ఉపాయం చేస్తానని మాటిచ్చాడు. తన పని అది కాదు, పైవాళ్ళు వదిలెయ్యమన్నారు కూడా. అయినా వదల్లేదు. 1925లో మాస్కింగు టేపు తెచ్చాడు. తర్వాత అయిదేళ్ళకి సెలోఫేన్ టేపూ ఆయన చేసిందే. మన ఇళ్ళల్లో పెళ్ళి బహుమతులకి అంటించే పారదర్శకపు టేపు కూడా ఒక కార్ల పెయింటరు తిట్టులోంచి పుట్టిందంటే అతిశయోక్తి కాదు. మా కుర్రాడు మడ్‌గార్డు అంచున పాత దినపత్రిక కప్పి టేపు అంటిస్తుంటే నాకు ఈ కథే గుర్తు. అతనికి చెబితే "అలగా?" అని ఒక్క మాట అని మళ్ళీ పనిలో పడ్డాడు.

రంగు కొట్టే తుపాకీ అమెరికాలోని టొలీడోలో అలెన్ డివిల్బిస్ అనే గొంతు వైద్యుడిది. రోగుల గొంతులోకి మందు తుంపరగా కొట్టడానికి 1880ల చివర్లో ఆయన పిచికారీ చేశాడు. కొడుకు థామస్ దాన్నే 1907 ప్రాంతంలో రంగులకు మలిచాడు. కుంచెతో కారుకి రంగు వేయడమంటే పూత మీద పూత, ఆరబెట్టుడు, రుద్దుడు, వారాల తరబడి పని. అందుకు విరుగుడు డ్యూపాంట్ కంపెనీ సినిమా రీళ్ళ ముడిసరుకు నుంచి వచ్చింది. నైట్రోసెల్యులోజు ద్రావణం చిక్కగా ఉంటే తుపాకీలోంచి రాదు, పల్చగా చేస్తే రంగు నిలవదు. 1920లో న్యూజెర్సీ ఫ్యాక్టరీలో ఒక పీపా ద్రావణం అనుకోకుండా పల్చబడిపోయి, రంగును దిట్టంగా పట్టేలా తయారైంది. 1923లో డ్యూకో పేరుతో అది జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్ల మీదికి ఎక్కింది. గంటల్లో ఆరే రంగు. నూరేళ్ళయినా మన పెయింటర్లు బీరువాకి వేసినా, బండికి వేసినా డ్యూకో పెయింటు అనే అంటారు. ఎన్‌సీ పుట్టీలో ఎన్‌సీ అన్నది కూడా ఆ నైట్రోసెల్యులోజే. పేరు పెట్టిన కంపెనీ ఎప్పుడో దాన్ని వదిలేసినా, మాట మాత్రం మన నాలుక మీద ఉండిపోయింది.

మూడో రోజు సాయంత్రం బండి తీసుకున్నాం. ఎండ వాలుగా పడినప్పుడు ఎడమ మడ్‌గార్డు మీద ప్రతిబింబం కొద్దిగా వంకర పోతుంది, జాగ్రత్తగా చూస్తే. మేస్త్రీయే అది చూపించాడు. "ఇంకో రోజు కొడితే పోద్ది. మీ బండి వయసుకి అక్కర్లేదు" అన్నాడు. పాత షాపులో తీసుకున్నదానికి రెట్టింపు తీసుకున్నాడు. బావ గొణిగాడు గానీ ఇచ్చాడు. ఆ రాత్రే వంకాయల లోడు వేసుకుని విజయనగరం వెళ్ళిపోయాడు.

పాత పికప్పు కొనే ఆలోచనలో ఎవరైనా ఉంటే ఒక్క మాట. కొనడానికి వెళ్ళేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం పల్చటి గుడ్డలో చుట్టి జేబులో వేసుకోండి. మడ్‌గార్డుల మీదా, డోర్ల అడుగునా, తొట్టి మూలల దగ్గరా దాన్ని ఆనించి వదలండి. ఉత్త రేకు మీదైతే గట్టిగా పట్టుకుంటుంది. గోరు మందం పుట్టీ ఉంటే కాస్త వదులుగా పట్టుకుంటుంది, దానికి భయపడక్కర్లేదు. జారి కిందపడిందంటే మాత్రం బేరం ఆపి, యజమానిని హుద్‌హుద్‌లో బండి ఎక్కడుందో అడగండి.